కడప బండలో కడలి జాడ



మన కోలారు జిల్లాలో చాలా ఇళ్ళ వంటగట్టు మీద నల్లని కడప బండ కనిపిస్తుంది. తమక చుట్టుపక్కల గుట్టల్లోని గ్రానైటు, కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడిన రాయి. కడప బండ అలాంటిది కాదు. అది సున్నపురాయి, ఒకనాటి సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నది. రాయలసీమ నడుమ సముద్రమా అని మీరు అడగవచ్చు. ఆ సాక్ష్యాన్ని ఎలా చదువుతారో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

నందికొండల చెంత పుట్టిన పాపఘ్ని నది కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఆ దారిలోనే వేంపల్లె ఉంది. ఈ ప్రాంతపు శిలలపై విలియం కింగ్ 1872లో విపులమైన గ్రంథం రాశాడు. అక్కడి అడుగు శ్రేణికి పాపఘ్ని పేరు, అందులోని సున్నపు పొరలకు వేంపల్లె పేరు వచ్చాయి. వంటగట్టు బండల కంటె ఈ పొరలు ఎంతో పాతవి. వీటి వయస్సు సుమారు 190 కోట్ల నుంచి 200 కోట్ల ఏళ్ళు.

ఈ పొరల్లో ఉల్లిపాయ రేకుల్లాంటి గుండ్రని గీతలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటొలైట్లు అంటారు. కంటికి కనిపించని జీవులు జిగురు చాపలా పరుచుకొని, సున్నపు రేణువులను పట్టి కట్టిన గూళ్ళవి. వాటికి ఎండ కావాలి కనుక అక్కడ నీరు లోతు తక్కువ. పైపొరలో చెరువు ఎండినప్పటిలాంటి బురద పగుళ్ళుంటే, నీరు తీసి నేల బయటపడిందన్నమాట. దాని మీద మళ్ళీ గూళ్ళు మొదలైతే, నీరు తిరిగి వచ్చిందన్నమాట. పెద్దలు చెప్పే జలప్రళయంలా ఒక్కసారి ముంచెత్తిన నీరు కాదిది; ఎన్నోసార్లు వచ్చి, ఎన్నోసార్లు పోయింది.

ఇక్కడొక చిక్కుంది. వేంపల్లె పొరల మందం దాదాపు 1,900 మీటర్లు. 2001లో మూతపడిన మన కె.జి.ఎఫ్. బంగారు గనుల లోతు 3 కిలోమీటర్లు దాటింది; అందులో సగానికి పైమాట! అడుగు నుంచి పైదాకా లోతులేని నీటి గుర్తులే ఉంటే, అంత మందం ఎలా పేరుకుంది? పొరలు పేరుకుంటున్న కొద్దీ నేల కూడా మెల్లగా కుంగింది. కనుక నీరు పెరిగినట్టు రాయి చెప్పినా, సముద్రమే పెరిగిందని వెంటనే తేల్చరాదు. నేల కుంగినా గుర్తు అదే. అదే కాలపు శిలలు వేరే దేశాల్లోనూ అదే కథ చెబితేనే సముద్రం మాట నిలుస్తుంది.

ఈ జాగ్రత్త నేటికీ అవసరమే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉప్పునీరు పొలాలకు చేరువవుతుంటే, సముద్రం ఎంత పెరిగింది, నేల ఎంత కుంగింది అని రెండు లెక్కలూ వేయాలి. ఒక లెక్కతోనే కట్టిన గట్టు రేపు చాలకపోవచ్చు.

ఈసారి కడప బండ కొనేటప్పుడు దాని అంచు చూడండి. సన్నని పొరలు కనిపిస్తే పిల్లలకూ చూపించండి.