సరిహద్దు దాటిన సరోగసీ: ఒప్పంద పత్రం నుంచి మేజిస్ట్రేటు ఉత్తర్వు వరకు

సంతానం లేని దంపతుల కోసం వేరొక స్త్రీ గర్భం ధరించి, పుట్టిన బిడ్డను వారికి అప్పగించే పద్ధతిని సరోగసీ అనీ, పత్రికల వాడుకలో అద్దె గర్భం అనీ అంటున్నారు. నేడు అమలులో ఉన్న పద్ధతిలో దంపతుల అండాన్నీ వీర్యకణాన్నీ ప్రయోగశాలలో ఫలదీకరించి, ఆ పిండాన్ని మోసే తల్లి గర్భాశయంలో ప్రవేశపెడతారు కనుక, ఆమెకూ శిశువుకూ జన్యుసంబంధం ఉండదు. అయితే మన న్యాయవ్యవస్థకు పునాదిగా నిలిచిన చట్టాలేవీ ఇటువంటి జన్మను ఊహించినవి కావు. ప్రసవించిన స్త్రీయే తల్లి అన్న విషయంలో వాటికి సందేహమే లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షను, వివాహబంధం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డకు ఆ స్త్రీ భర్తనే తండ్రిగా భావించింది. ఆ లెక్కన మోసే తల్లి భర్త చట్టం దృష్టిలో తండ్రి కావాలి, పిండానికి మూలమైన దంపతులు పరాయివారు కావాలి. విదేశీ దంపతుల విషయంలో ఈ చిక్కు రెట్టింపై, బిడ్డ ఎవరిది అన్న ప్రశ్నతో పాటు ఏ దేశానిది అన్న ప్రశ్న కూడా ముందుకు వచ్చింది.

భారతదేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు 1978 అక్టోబరులో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో కలకత్తాలో జన్మించింది; 1986లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ ఇందిరా హిందూజా సాధించిన విజయం తరువాత ఆ విద్య నగరాలన్నిటికీ పాకింది. 2004లో గుజరాత్‌లోని ఆనంద్ పట్టణంలో ఒక స్త్రీ, బ్రిటన్‌లో స్థిరపడిన తన కుమార్తె కోసం కవలలను మోసి కనడం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. పాశ్చాత్య దేశాల ఖర్చులో చిన్న భాగానికే ఇక్కడ పని జరుగుతుండడంతో అనతికాలంలోనే విదేశీ దంపతుల రాక మొదలయింది. వారికి ఆధారంగా నిలిచినది శాసనం కాదు, భారత వైద్య పరిశోధన మండలి 2005లో వెలువరించిన మార్గదర్శకాలు మాత్రమే. ఆ మార్గదర్శకాలు జనన ధ్రువపత్రంలో జన్యు తల్లిదండ్రుల పేర్లే ఉండాలని చెప్పాయి. అంతకంటె ముఖ్యంగా, బిడ్డ తమదేనని డీఎన్‌ఏ పరీక్ష ద్వారా నిరూపించుకోలేని దంపతులు ఆ బిడ్డను దత్తత తీసుకోవలసిందేనని నిర్దేశించాయి. పాటించకపోతే శిక్షించే అధికారం లేని ఈ చిన్న నియమానికి ఎంతటి విలువ ఉండేదో ఇరవై ఏళ్ల తరువాత విశాఖపట్నంలో తెలిసివచ్చింది.

మార్గదర్శకాల బలహీనతను 2008లో రెండు కేసులు బయటపెట్టాయి. ఆ జూలైలో ఆనంద్‌లో పుట్టిన ఒక ఆడశిశువు విషయంలో, జపాన్‌కు చెందిన దంపతులు ప్రసవానికి ముందే విడాకులు తీసుకున్నారు. దాత అండంతో ఏర్పడిన పిండం కనుక ఆ భార్యకు బిడ్డతో జన్యుసంబంధం లేదు, ఆమె స్వీకరించడానికి సిద్ధపడనూ లేదు. తండ్రి బిడ్డను కోరుకున్నా, తల్లి ఎవరో తేలనిదే పాస్‌పోర్టు రాదు, జపాన్ చట్టం సరోగసీని గుర్తించదు. శిశువును చూసుకోవడానికి నాయనమ్మ జపాన్ నుంచి వచ్చి సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఆ సెప్టెంబరులో న్యాయస్థానం ఫిర్యాదులేవైనా ఉంటే బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ముందు ఉంచుకోవచ్చునని చెప్పి కేసును ముగించింది. చివరకు పాస్‌పోర్టుకు బదులు ఒక గుర్తింపు పత్రం జారీ కాగా, జపాన్ మానవతా దృష్టితో ఇచ్చిన వీసాపై ఆ శిశువు దేశం దాటింది. అదే ఏడాది జనవరిలో జర్మన్ దంపతుల కోసం పుట్టిన కవలల కథ మరింత సుదీర్ఘమైనది. జర్మనీ సరోగసీని నిషేధించిన దేశం కావడంతో అక్కడి పౌరసత్వం దొరకక విషయం కోర్టుకు చేరింది. గుజరాత్ హైకోర్టు 2009 నవంబరులో, మోసి కన్న స్త్రీ భారతీయురాలు గనుక పిల్లలు పుట్టుకతో భారత పౌరులని తీర్పు చెప్పింది. కేంద్ర ప్రభుత్వం దానిని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. అంతర్దేశీయ దత్తత మార్గం తెరుచుకున్నాకనే, పిల్లలకు రెండేళ్లు దాటిన తరువాత, 2010లో వారు తండ్రితో వెళ్లగలిగారు. పిల్లలు ఏ దేశానికీ చెందని స్థితిలో అన్ని నెలలు గడపవలసి రావడం, ఒప్పంద పత్రాన్ని నమ్ముకున్న వ్యవస్థ ఎంత ప్రమాదకరమో చూపింది.

2009 ఆగస్టులో లా కమిషన్ తన 228వ నివేదికలో వాణిజ్య సరోగసీని నిషేధించి, ప్రతిఫలాపేక్ష లేని సరోగసీని అనుమతించాలని సిఫారసు చేసింది. ముసాయిదా బిల్లులు 2008, 2010, 2014లలో తయారయ్యాయి గాని పార్లమెంటు ముందుకు రాలేదు. ఆ లోటును హోంశాఖ వీసా నిబంధనలతో పూడ్చడానికి ప్రయత్నించింది. 2012 జూలై ఉత్తర్వు ప్రకారం సరోగసీకి పర్యాటక వీసా చెల్లదు, వైద్య వీసా కావాలి. దంపతులకు వివాహమై కనీసం రెండేళ్లు నిండాలి. తమ దేశం సరోగసీని గుర్తిస్తుందనీ, బిడ్డను రానిస్తుందనీ వారి దౌత్య కార్యాలయం లేఖ ఇవ్వాలి. దేశం విడిచే ముందు విదేశీయుల నమోదు కార్యాలయంలో, మోసిన తల్లికి చెల్లించవలసిన బాకీలన్నీ తీరాయని ఆసుపత్రి ఇచ్చిన ధ్రువపత్రం చూపి నిష్క్రమణ అనుమతి పొందాలి. మోసిన స్త్రీ శ్రమకు న్యాయం జరిగిందో లేదో ప్రభుత్వం అడగడం గమనార్హం.

మరొక తనిఖీ విదేశీ కాన్సులేట్లలో జరిగేది. అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగు దంపతులు ఇక్కడ పుట్టిన బిడ్డను తీసుకువెళ్లాలంటే, హైదరాబాదు కాన్సులేటు జారీ చేసే విదేశీ జనన నివేదిక కావాలి; అందుకు రక్తసంబంధాన్ని డీఎన్‌ఏతో చూపవలసి వచ్చేది. అలా రెండు దేశాలూ ఒకే బిడ్డను రెండు వైపుల నుంచీ పరిశీలించేవి. ఆ పరిశీలన దంపతులకు విసుగు పుట్టించి ఉండవచ్చు, కాని బిడ్డ మారిపోయే అవకాశాన్ని చాలావరకు మూసివేసింది కూడా అదే.

2015 అక్టోబరులో సుప్రీంకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం విచారణ సందర్భంగా కేంద్రం వాణిజ్య సరోగసీకి తాను వ్యతిరేకమని ప్రకటించి, పరిశోధనకు తప్ప పిండాల దిగుమతిని నిలిపివేసింది. నవంబరు ఉత్తర్వుతో విదేశీయులకూ, ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డుదారులకూ సరోగసీ వీసాలు ఆగిపోయాయి. థాయ్‌లాండ్, నేపాల్ అదే ఏడాది, కంబోడియా మరుసటి ఏడాది తలుపులు మూశాయి. దేశంలోపలి దంపతులకు మాత్రం పాత పద్ధతి కొనసాగింది. 2017 జూన్‌లో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక కేంద్రంపై జరిగిన దాడిలో, నలభైకి పైగా స్త్రీలు నెలల తరబడి ఒకే భవనంలో ఇరుకుగా ఉంటున్నట్టు బయటపడింది.

శాసనం చివరకు 2021 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొంది, 2022 జనవరి 25న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం డబ్బు కోసం గర్భం మోయించడం నేరం. వైద్య ఖర్చులూ, 36 నెలల బీమా మినహా మరే ప్రతిఫలమూ ఉండకూడదు. మోసే తల్లి 25–35 ఏళ్ల మధ్య వయస్కురాలై, వివాహితయై, సొంత బిడ్డ ఉన్న స్త్రీ కావాలి. జీవితంలో ఒకసారి మాత్రమే మోయవచ్చు. దంపతులలో భార్యకు 23–50, భర్తకు 26–55 ఏళ్లు ఉండాలి. దగ్గరి బంధువే కావాలన్న బిల్లులోని తొలి షరతు రాజ్యసభ సెలెక్ట్ కమిటీ పరిశీలన తరువాత తొలగింది. ప్రక్రియ జిల్లా స్థాయి వైద్య మండలి ఇచ్చే ధ్రువపత్రంతో మొదలై, ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు కోర్టుకు చేరుతుంది. అక్కడ దంపతులూ, మోసే తల్లీ కలిసి దరఖాస్తు చేసుకోవాలి. తల్లిదండ్రుల హోదాపై, సంరక్షణపై మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వే బిడ్డ పుట్టాక జనన ప్రమాణ పత్రంగా చెల్లుతుంది. ఉదాహరణకు, విశాఖపట్నంలోని దంపతులు నగరపాలక సంస్థలో జననాన్ని నమోదు చేయించడానికీ, బిడ్డకు పాస్‌పోర్టు పొందడానికీ ఈ ఉత్తర్వే మూలం. భారత సంతతి దంపతులకు ఈ చట్టం కింద ఏర్పడిన సరోగసీ బోర్డు సిఫారసు పత్రం అదనంగా అవసరం. వయోపరిమితి విషయంలో మాత్రం, చట్టం రాకముందే పిండాలను భద్రపరచుకున్న దంపతులకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో స్పష్టం చేసింది.

ఇక్కడ దారి ఇరుకైనవారు విదేశాలవైపు చూడడం సహజమే. కాలిఫోర్నియాలో ప్రసవానికి ముందే కోర్టు ఉత్తర్వు పొంది, జనన పత్రంలో దంపతుల పేర్లు రాయించుకోవచ్చు. బ్రిటన్ పద్ధతి వేరు: ప్రసవించిన స్త్రీయే తల్లి, ఆమె అంగీకారం ప్రసవమైన ఆరు వారాలు గడిచాక ఇచ్చినదైతేనే చెల్లుతుంది, ఆ తరువాతే కోర్టు తల్లిదండ్రుల హోదాను బదిలీ చేస్తుంది. మోసిన స్త్రీకి ఆలోచించుకునే వ్యవధి ఇచ్చిన ఈ నియమం ఎక్కువ మానవీయమైనది. భారత పౌరులకు విదేశంలో బిడ్డ పుడితే, పౌరసత్వ చట్టం 4వ సెక్షను ప్రకారం ఏడాదిలోగా అక్కడి భారత కాన్సులేటులో జననాన్ని నమోదు చేయించి, బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

విశాఖపట్నం పేరు ఈ చరిత్రలో బాధాకరమైన సందర్భాలలోనే వినిపిస్తుంది. 2020 జూలైలో నగర పోలీసులు ఒక సంతాన సాఫల్య ఆసుపత్రిపై శిశు విక్రయ ఆరోపణలతో కేసు నమోదు చేసి అరెస్టులు జరిపారు. గ్రామాలలో ఉచిత వైద్య శిబిరాల పేరిట నిరుపేద గర్భిణులను గుర్తించి, వారి బిడ్డలను పిల్లలు లేనివారికి అమ్మారన్నది అభియోగం. 2025 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన ఉదంతం నేరుగా సరోగసీకి సంబంధించినది. సికింద్రాబాదులోని ఒక కేంద్రం దంపతుల నుంచి 30 లక్షల రూపాయలకు పైగా తీసుకుని, సరోగసీ ద్వారా పుట్టాడంటూ విశాఖపట్నంలో ఒక మగశిశువును అప్పగించిందనీ, ఆ బిడ్డ నిజానికి అస్సాంకు చెందిన పేద దంపతుల నుంచి కొద్ది మొత్తానికి తెచ్చినవాడనీ పోలీసులు ప్రకటించారు. ఈ ఆరోపణలు న్యాయస్థానంలో రుజువు కావలసి ఉన్నాయి. అయినా ఒక సంగతి గమనించక తప్పదు: అనుమానం వచ్చిన దంపతులు సొంతంగా డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నందునే విషయం బయటపడింది. 2005 మార్గదర్శకాలలో ఉన్న ఆ పరీక్ష, కాన్సులేట్లు పట్టుబట్టిన ఆ పరీక్ష, 2021 చట్టం నిర్దేశించిన ప్రక్రియలో కనిపించదు. మేజిస్ట్రేటు ఎదుట మోసే తల్లితో కలిసి నిలబడవలసిన ఘట్టాన్ని ఎవరూ దాటవేయకుండా చూసినా, బిడ్డను అప్పగించే ముందు పరీక్షను తప్పనిసరి చేసినా, లేని గర్భాన్ని చూపి డబ్బు వసూలు చేయడం దుస్సాధ్యమవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ నిధులతో విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి చోట అటువంటి పరీక్షకు ఏర్పాటు చేస్తే, ఖర్చు దంపతులపై పడకుండానే బిడ్డను అమ్ముకోవలసి వచ్చిన తల్లికీ, మోసపోయిన తల్లిదండ్రులకూ కూడా రక్షణ దొరుకుతుంది.