కిత్తనార చుట్టానికి కాపీ-పేస్టు

మొన్న టీం డిన్నర్లో ఒకాయన "టెకీలా అంటే కాక్టస్ రసమే కదా" అన్నాడు. అందరం తలూపాం. ఇంటికొచ్చి వెతికితే అది కాక్టస్సే కాదు! మన దగ్గర పొలాలకి కంచెగా వేసే కిత్తనార ఉంది చూశారూ, దాని దగ్గర చుట్టం. పేరు నీలి అగావే. అలా చదువుతూ పోతే రాత్రి రెండైంది :)

మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం దీని అడ్డా. మొక్క కోతకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. బతుకులో ఒక్కసారే పూస్తుంది, పూస్తే దుంపలో చక్కెరంతా పూల కాడకి పోతుంది. అందుకని కాడ లేవగానే నరికేస్తారు. ఇక విత్తనం ఎక్కడిది? మొదట్లో వచ్చే పిలకలు తీసి నాటుకుంటారు, మన అరటి లాగే. తల్లి ఎలా ఉందో పిల్లా అంతే. పైగా టెకీలా అనిపించుకోవాలంటే ఈ నీలి రకం తప్ప ఇంకోటి వాడకూడదని రూలు. 2001లో డీఎన్ఏ పోల్చి చూస్తే మొక్కకీ మొక్కకీ తేడా దాదాపు కనబడలేదు. కోట్ల సర్వర్లు, అన్నిట్లో ఒకటే వెర్షన్ అన్నమాట.

1990ల చివర్లో బగ్ బయటపడింది. ఫ్యుసేరియం అనే శిలీంధ్రం వేళ్ళనీ, ఎర్వీనియా అనే బాక్టీరియా మొవ్వునీ కుళ్ళబెట్టాయి. అంతకుముందు ధర లేక రైతులు నాటడమే తగ్గించారు, అటు గిరాకీ పెరిగింది. కిలో ఒక పెసో పలకని దుంప రెండు మూడేళ్ళలో 15 పెసోలకి ఎగబాకింది. అప్పుడు అందరి చూపూ సీసాల్లో పెంచే మొక్కల మీద పడింది.

ఆ విద్య కొత్తది కాదు. ఒక్క కణం నుంచి మొక్కని పెంచొచ్చని హేబర్లాండ్ట్ 1902లోనే అన్నాడు. (తమాషా ఏమిటంటే నీలి అగావేకి వెబర్ శాస్త్రీయ నామం పెట్టిందీ ఆ ఏడాదే.) 1962లో మురషిగె, స్కూగ్ కలిసి లవణాలు, చక్కెరలతో తయారుచేసిన పోషక ద్రవం ఇప్పటికీ ల్యాబుల్లో నడుస్తోంది. యుకటాన్‌లో మాన్యుయెల్ రాబర్ట్ బృందం 1980ల్లోనే తాళ్ళకి వాడే ఎనెకెన్ అగావేని సీసాల్లో పెంచింది. మొవ్వులోంచి చిన్న ముక్క కోసి, శుభ్రం చేసి, హార్మోన్లు కలిపిన జెల్లీలో పెడితే పిలకలు గుంపుగా వస్తాయి. వాటిని విడదీసి మళ్ళీ పెట్టడమే. ఒక్క మొక్క నుంచి వేలు! అదే పద్ధతి నీలి రకానికీ వచ్చింది.

నిజంగా గొప్ప పనే. పాత పిలకతో పాటు రోగమూ కొత్త పొలానికి వెళ్ళేది, సీసా మొక్కతో ఆ బాధ లేదు. కానీ ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. శుభ్రమైన మొక్కని ఆ మట్టిలోనే నాటితే? దానికి కొత్తగా వచ్చిన రోగనిరోధకం ఏమీ లేదు. మనం వైరస్ లేని కాపీలు తీశాం గానీ కోడ్‌లో ఉన్న లొసుగు అలాగే ఉంది. పైగా "మంచి" మొక్కనే ఎంచి వేలకి వేలు తీస్తే వైవిధ్యం ఇంకా తగ్గుతుంది.

రైతు సంగతి మరీ ఘోరం. ధర చూసి నాటినవాడికి కోత వచ్చేది ఆరేళ్ళ తర్వాత. 2000ల చివరికి ధర మళ్ళీ ఒకటి రెండు పెసోలకి పడింది. 2022లో 30కి అటూఇటూ ఉన్నది 2024కి పదిలోపుకొచ్చింది. మొక్కలు ఎంత వేగంగా తయారైతే ఈ ఊపు అంత పెరుగుతుందని నా అనుమానం.

అన్నట్టు, అగావే పూలకి పరాగసంపర్కం చేసేది గబ్బిలాలు. రోడ్రిగో మెదెయిన్ అనే మెక్సికన్ జీవశాస్త్రవేత్త వాటి కోసం పొలంలో 5 శాతం మొక్కల్ని కొయ్యకుండా పూయనివ్వమని అడిగాడు. 2016లో ఆ లెక్కన చేసిన టెకీలా సీసాల మీద గబ్బిలాల గుర్తు పడింది. ఆ 5 శాతం నుంచి వచ్చే విత్తనాల్లో మాత్రం ఏ రెండూ ఒకేలా ఉండవు.