అమ్మకి దుబాసీ

వియత్నాం యుద్ధం 1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనంతో ముగిసిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. ఆ చరిత్రలో జనరల్సూ, సైనికులూ, హెలికాప్టర్లూ వుంటాయి. అమెరికా చేరిన కాందిశీకుల యిళ్లలో పెరిగిన ఆడపిల్లలు వుండరు.

ఆ యేడు లక్షా పాతిక వేల మందికి పైగా వచ్చారు. ఒకేచోట పోగుపడకుండా ప్రభుత్వం వాళ్లని దేశమంతా చెదరగొట్టింది. తమ భాష వినబడే వీధి కోసం చాలామంది మళ్లీ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ చేరుకున్నారు. తల్లులు ఎందరో గోళ్లకు రంగులు వేసే సెలూన్లలో కుదిరారు. 1975లో శాక్రమెంటో దగ్గరి శిబిరంలో సినీనటి టిపి హెడ్రెన్ 20 మంది స్త్రీలకు ఆ పని నేర్పించడంతో యిది మొదలైందంటారు. పెద్దగా ఇంగ్లీషు అక్కర్లేని పని.

సెలూన్ దాటితే మాత్రం ఇంగ్లీషు కావాలి. అది బడికెళ్లే పిల్లలకే ముందు వచ్చింది. అద్దె కాగితం, కరెంటు బిల్లు, డాక్టరు ప్రశ్న - అన్నింటికీ వాళ్లే దుబాసీలు. తరచుగా ఆ పని పెద్ద కూతురిదే. అమ్మ నెలసరి గురించి, పోయిన కడుపు గురించి డాక్టరు అడిగితే, పదేళ్ల పిల్ల ఆ మాటలు అటూ యిటూ మోయాలి. దీన్ని బాధ్యత అని మెచ్చుకుంటాం గానీ, ఆ పిల్లకి అది చాకిరీ అని ఎవరూ అనలేదు.

అన్ని మాటలూ మోసిన కూతురు అడగలేని ప్రశ్న ఒకటుంది. 1978 తర్వాత పడవల్లో బయల్దేరిన వాళ్లని థాయిలాండ్ సింధుశాఖలో దొంగలు దోచారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు, కొందరిని ఎత్తుకుపోయారు. బతికొచ్చిన వాళ్లు చాలామంది నోరు విప్పలేదు. ఇంట్లో సముద్రం మాట వస్తే అమ్మ ఎందుకు లేచిపోతుందో కూతురికి తెలిసీ తెలియదు.

1978లో పడవెక్కిన కుటుంబంలోని పిల్లే తి బుయ్. 2017లో వచ్చిన ఆమె బొమ్మల జ్ఞాపకాల పుస్తకం 'ది బెస్ట్ వుయ్ కుడ్ డూ' ఆమె సొంత కాన్పుతో మొదలవుతుంది. మలేసియా శిబిరంలో బిడ్డని కన్న అమ్మ, కూతురి నొప్పులు చూడలేక గది బయటికి వెళ్లిపోతుంది. ఆ ఖాళీ దగ్గర్నుంచే కూతురు వెనక్కి, అమ్మ కాన్పులన్నిటి మీదుగా నడుస్తుంది.

నవలా రచయిత్రి లే తి దియెమ్ తుయ్ కథ యింకా క్లుప్తం. సముద్రంలో తమని రక్షించినప్పుడు తండ్రి పొరపాటున ఆమె పేరుకి బదులు అక్క పేరు చెప్పాడు. ఆ అక్క మలేసియా శిబిరంలో నీట మునిగి చనిపోయింది. చెల్లెలి పుస్తకాల మీద వుండేది ఆ అక్క పేరే.