పోలీసు యాక్షన్: అయిదు రోజుల యుద్ధం, పొసగని వార్తలు

బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో మన పెద్దలకు పుట్టిన తేదీలు కాగితం మీద ఉండేవి కావు. "పోలీసు యాక్షన్ నాటికి వీడు చంటిపిల్లగాడు", "పోలీసు యాక్షన్ అయిన ఏడాదికి మా లగ్గమైంది" అని లెక్క కట్టేవారు. పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు పంతులుగారు ఈ లెక్క మీదనే ఒక తేదీ వేసిన సందర్భాలు ఎన్నో. ఆ తేదీయే తర్వాత సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది, దాని ప్రకారమే పదవీ విరమణ, పింఛను వచ్చాయి. మనలో కొందరి జీవితాలకు అంత దగ్గరైన మాట అది. కాని ఆ మాటలోని "పోలీసు" అనే పదం ఎక్కడి నుంచి వచ్చిందని మనలో ఆలోచించినవారు తక్కువ. వచ్చినది పోలీసులు కారు. ట్యాంకులతో, విమానాలతో వచ్చిన సైన్యం.

చాలా ఏళ్లు బడిలో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కనుక ఈ ప్రత్యేక సంచికలో ఆ అయిదు రోజుల గురించి, ముఖ్యంగా ఆనాటి వార్తలు ఒకదానితో ఒకటి ఎలా పొసగలేదో, నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పేరులోనే తగాదా

1947 ఆగస్టు 15న ఆంగ్లేయులు వెళ్లిపోయారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇటు భారతదేశంలోనూ చేరలేదు, అటు పాకిస్తాన్‌లోనూ చేరలేదు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒప్పందం చేసుకున్నారు. ఆ సంవత్సరం శాంతిగా గడవలేదు. కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుంచి మన పక్కనున్న బీదరు విమానాశ్రయానికి ఆయుధాలు చేరవేశాడు. 1948 ఆగస్టు 21న ప్రధానమంత్రి లాయక్ అలీ ప్రభుత్వం, తమపై భారతదేశం దాడికి సిద్ధమవుతున్నదని ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది.

అంటే హైదరాబాదు ప్రభుత్వం దృష్టిలో రాబోయేది ఒక విదేశీ సైన్యపు దండయాత్ర. ఢిల్లీ దృష్టిలో హైదరాబాదు వేరే దేశమే కాదు. కనుక అది యుద్ధం కాదు, శాంతిభద్రతల కోసం తీసుకున్న పోలీసు చర్య. సైన్యం లోపల పెట్టుకున్న పేరు "ఆపరేషన్ పోలో". ఒకే సంఘటనకు మొదటి తుపాకీ పేలకముందే ఇన్ని పేర్లు పుట్టాయి.

ఇక ఊళ్లలోని జనం సంగతి వేరు. వారి ప్రతిఘటన వచ్చే సైన్యం మీద కాదు, అప్పటికే ఊళ్లో ఉన్న రజాకార్ల మీద. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో గ్రామస్తులు బురుజు ఎక్కి కాపలా కాశారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మీద పడి సామూహికంగా హత్యలు చేశాయి. అక్కడ చనిపోయినవారి సంఖ్య కూడా పుస్తకానికొక తీరుగా ఉంటుంది. అప్పటి మన జిల్లా కేంద్రం సంగతే తీసుకుంటే, నిజామాబాదు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీలుగా ఉన్నారు. కలం కాగితం దొరకని చోట దాశరథి గోడ మీద బొగ్గుతో పద్యాలు వ్రాసిన సంగతి తెలుగువారందరికీ తెలిసినదే.

అయిదు రోజులు

1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఆధ్వర్యంలో పడమటి నుంచి, షోలాపూరు మార్గాన బయలుదేరింది. మరొక దళం మేజర్ జనరల్ రుద్ర ఆధ్వర్యంలో తూర్పున విజయవాడ వైపు నుంచి వచ్చింది. మొదటి రోజు నల్‌దుర్గ్ కోట దగ్గర నిజాం సైన్యం కొంత నిలబడింది. తూర్పున సూర్యాపేట దగ్గర వెనక్కు తగ్గుతూ మూసీ వంతెనను పేల్చివేసింది. జహీరాబాదు దారిలో మందుపాతరలు అడ్డొచ్చాయి. దారి పక్కల పొంచి రజాకార్లు కాల్పులు జరిపారు. విమానాలకు, ట్యాంకులకు ఎదురు అవేవీ నిలవలేదు. 17వ తేదీ సాయంత్రం అయిదు గంటలకు కాల్పులు ఆగిపోయాయి. 18న నిజాం సేనాపతి జనరల్ ఎల్ ఇద్రూస్ చౌదరి ముందు లొంగిపోయారు.

కాని తెలంగాణలో తుపాకులు అంతటితో మూగపోలేదు. నిజాంతో పోరాడిన కమ్యూనిస్టు దళాలు ఇప్పుడు భారత సైన్యంతో పోరాడాయి. ఆ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. ఇక లాయక్ అలీ భద్రతామండలికి పెట్టిన ఫిర్యాదు సెప్టెంబరు 16న పారిస్‌లో చర్చకు వచ్చింది. మరునాటికి ఇక్కడ యుద్ధమే ముగిసింది. కొద్ది రోజుల్లోనే నిజాం ఆ ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తెలిపారు.

ఎవరి వార్త నమ్మాలి?

ఇప్పటివలె ఇంటింటికీ టీవీ, చేతిలో సెల్‌ఫోను ఉన్న కాలం కాదు. రేడియో ఉన్నవారు ఊరికి ఒకరు దొరికితే గొప్ప. ఆ ఒక్క రేడియోలో రెండు స్టేషన్లు, రెండు లోకాలు. దక్కన్ రేడియో పెడితే ప్రభుత్వం గట్టిగా నిలబడి ఉందన్న ధోరణి. ఆకాశవాణి పెడితే సైన్యం ముందుకు సాగుతున్నదన్న వార్త. ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్న కాసిం రజ్వీ మాటలు విన్నవారికి, 17వ తేదీన లాయక్ అలీ అదే దక్కన్ రేడియోలో తమ మంత్రివర్గం రాజీనామా చేసిందని చెప్పడం పిడుగుపాటే అయివుండాలి. ఆ సాయంత్రం నిజాం స్వయంగా రేడియోలో మాట్లాడి కాల్పుల విరమణ సంగతి చెప్పారు. అయిదు రోజులు విన్నదంతా ఒక్క పూటలో తలక్రిందులైంది.

నిజం వ్రాయబోయినవారు ఏమయ్యారో కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులో "ఇమ్రోజ్" అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్. భారతదేశంలో కలవడమే మేలని వ్రాసినవాడు, రజాకార్లను విమర్శించినవాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక ఆఫీసు నుంచి ఇంటికి వస్తుండగా దారికాచి కాల్చి, చేయి నరికారు. వ్రాసే చేయి అన్న కసి అది. యువకుడు, ముస్లిం, ఉర్దూ పత్రికవాడు. ఆ రోజుల చరిత్రను హిందూ ముస్లిం తగాదాగా మాత్రమే చెప్పేవారికి షోయబుల్లాఖాన్ ఒక్కడే చాలు సమాధానానికి.

మృతుల లెక్క

అన్నిటికన్నా పెద్ద తేడా చనిపోయినవారి లెక్కలో ఉంది. సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్ తన పుస్తకంలో ఈ చర్యలో మృతుల సంఖ్య ఎనిమిది వందలకు కొంచెం పైన అని వ్రాశారు. మా తరం చదివిన పాఠాలలో ఆపాటి అంకె కూడా లేదు. అయిదు రోజులలో ముగిసింది, జనం ఆనందించారు అన్నంతవరకే ఉండేది.

అయితే 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో నెహ్రూ ప్రోద్బలంతో పండిత్ సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందం వచ్చింది. ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ మిగతా సభ్యులు. సంస్థానంలోని పదహారు జిల్లాల్లో తొమ్మిదింట తిరిగారు. వందల మందిని విచారించారు. పోలీసు చర్య సమయంలోనూ, తర్వాతా జరిగిన హత్యలలో 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయారని అంచనా వేశారు. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలో పాల్గొన్నారని నివేదించారు. అంతకుముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలనూ వారు దాచలేదు. సర్దార్ పటేల్ ఆ నివేదికను అంగీకరించలేదు. అది ప్రచురణకు నోచుకోలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరూ చూసే వీలున్నదని 2013లో లోకానికి తెలిసింది. అప్పటికి అరవై అయిదేళ్లు గడిచాయి.

ఎనిమిది వందలకూ నలభై వేలకూ పొంతన ఎక్కడ? నా మట్టుకు తోచేది ఇది. మొదటి అంకె యుద్ధానిది, రెండవది యుద్ధం తర్వాత ఊళ్లలో జరిగినదానిది. యుద్ధం వార్త అయింది. తర్వాత జరిగినది వార్త కాలేదు. ఇద్దరూ అబద్ధం చెప్పకపోయినా సరే, ఎక్కడ లెక్క ఆపారన్నదాని మీద నిజం మారిపోయింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆ నివేదిక అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవిగా చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడ్. అందులో బీదరు, నాందేడ్ మన పొరుగు. ఇప్పుడు మనం పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లివచ్చే బిచ్కుంద, జుక్కల్ ఆనాడు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలోవే. 1956 నవంబరు 1న అవి మన వైపు వచ్చాయి. ఆ పుణ్యాత్ముల నివేదికలో ఒక మంచి మాట కూడా ఉంది. ఎందరో హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడారనీ, ముఖ్యంగా ఒకే వృత్తివారిలో ఈ అభిమానం కనిపించిందనీ, ముస్లిం నేతగాళ్ల కోసం హిందూ నేతగాళ్లు అడ్డు నిలిచి ప్రాణాలు పోగొట్టుకున్నారనీ వ్రాశారు. అటువంటి ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఎవరు దాచి పెట్టారు?

మనం చేయగలిగింది

సెప్టెంబరు 17 పేరు మీద తగాదా ఇంకా ముగియలేదు. విమోచనం అనేవారు, విలీనం అనేవారు, విద్రోహం అనేవారు ఉన్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమని, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని ఒకే ఊళ్లో వేర్వేరు సభలు పెట్టాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అన్నది. పేరు నిర్ణయించడం ప్రభుత్వాల పని. అది వారికే వదిలేద్దాం.

మన పని వేరు. ఆనాటికి పదేళ్లున్న పిల్లలు ఇవాళ ఎనభై అయిదు దాటారు. మన మధ్య వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారు. వారి దగ్గర కూర్చుని విని వ్రాసి పెట్టండి. వ్రాసేటప్పుడు మూడు సంగతులు మరవకండి. ఏ ఊరు, ఏ నెల అన్నది స్పష్టంగా అడగండి. వారు కళ్లారా చూసినది వేరుగా, ఇతరులు చెప్పగా విన్నది వేరుగా వ్రాయండి. రజాకార్ల చేతిలో పోయినవారిని అడిగినట్లే, ఆ తర్వాత పోయినవారినీ అడగండి. ఒక వైపు లెక్క మాత్రమే వ్రాస్తే అది దక్కన్ రేడియో వార్తే అవుతుంది.

మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు రిజిస్టర్లు సరిగా నింపి సంతకాలు చేసినవాళ్లం. ఈ ఒక్క రిజిస్టరు మన ఇళ్లలోనే ఖాళీగా ఉంది. వచ్చిన కాగితాలను సంఘ కార్యాలయంలో ఒక ఫైలుగా భద్రపరచాలని కార్యవర్గానికి నా మనవి.