అడక్కుండానే అందే మెమరీ

సుంకేసుల దగ్గర తుంగభద్రకు నీళ్లొచ్చినంత మాత్రాన కేసీ కాలువ కింద మడి తడవదు. లస్కరు తలుపు ఎత్తాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నల్‌లో కొత్తగా చేరిన మెమరీ పరిస్థితి చాలాకాలం అదే. నడుస్తున్న కంప్యూటర్‌ను ఆపకుండా మెమరీ జోడించే హాట్‌ప్లగ్ సదుపాయం 2005-06 ప్రాంతంలో లినక్స్‌లో చేరింది. మొదటినుంచీ అందులో రెండు దశలున్నాయి. మొదటి దశలో కెర్నల్ కొత్త మెమరీని గుర్తించి, బ్లాకులుగా విడదీసి, ప్రతి పేజీ వివరం నమోదు చేసుకుంటుంది. రెండో దశలో బ్లాకును ఆన్‌లైన్ చేయమని బయటినుంచి ఆదేశం రావాలి. అది రాకపోతే మెమరీ ఉన్నా ఏ ప్రోగ్రాముకూ అందదు.

ఇలా విడదీయడానికి కారణముంది. పెద్ద సర్వర్లలో ఇవాళ పెట్టిన మెమరీని రేపు తీయాల్సి రావచ్చు. అలా ఖాయంగా తీయగలగాలంటే దాన్ని ముందే, లోపలి డేటాను వేరేచోటికి జరపగలిగే మూవబుల్ జోన్‌లో ఉంచాలి. ఆ నిర్ణయం యంత్రాన్ని చూసుకునేవాళ్లదే కావడం సబబు. వర్చువల్ మిషన్లు వచ్చాక మాత్రం పరిస్థితి మారింది. హైపర్-వీ, జెన్ వంటి వ్యవస్థల్లో మెమరీ చాలనప్పుడే కొత్తది వచ్చి చేరుతుంది. దాన్ని ఆన్‌లైన్ చేసే పని యూడెవ్ అనే ప్రోగ్రాముది. ఆ ప్రోగ్రాము పనిచేయడానికీ మెమరీ కావాలి. పైగా ఎక్స్86 యంత్రాల్లో 4 కేబీల పేజీ ఒక్కోదానికి 64 బైట్ల వివరం రాసుకోవాలి. 128 ఎంబీల బ్లాకుకు అది 2 ఎంబీలు, అదీ పాత మెమరీలోంచే. బ్లాకులు వరసగా చేరుతూ ఆన్‌లైన్ కాకుండా ఉండిపోతే, ఆదుకోవడానికి వచ్చిన మెమరీయే ఉన్నదాన్ని తినేస్తుంది. చివరికి కెర్నలే ప్రోగ్రాములను చంపాల్సిన స్థితి వస్తుంది.

రెడ్‌హ్యాట్ ఇంజనీర్ విటాలీ కుజ్‌నెత్సోవ్ దీనికి పరిష్కారం రాశారు. 2016లో వచ్చిన 4.6 కెర్నల్‌లో, చేరిన మెమరీని చేరిన వెంటనే కెర్నలే ఆన్‌లైన్ చేసేలా ఒక స్విచ్ పెట్టారు. పాత అలవాటు చెదరకుండా దాన్ని మామూలుగా ఆపి ఉంచారు. 4.7లో కెర్నల్‌ను తయారుచేసేటప్పుడో, యంత్రం మొదలయ్యేటప్పుడో ఆ స్విచ్ వేసుకునే వీలు కల్పించారు.

అభ్యంతరం బలంగానే వచ్చింది. కెర్నల్ సాధనం ఇవ్వాలి గానీ నిర్ణయం తీసుకోకూడదంటూ, ఆ స్విచ్‌నే తొలగించాలని 2017లో సుసే ఇంజనీర్ మిఖాల్ హోట్స్‌కో ప్రతిపాదించారు. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో అవసరానికి వాడుకోవాలని పక్కన పెట్టిన మెమరీని తనంతట తాను కలుపుకోవడం తప్పేనన్నదీ నిజమే. అయితే ఈ వాదన నిర్ణయం ఎవరిదన్నది తేలుస్తుంది గానీ, దాన్ని ఏ క్షణాన అడగాలన్నది తేల్చదు. మెమరీ అయిపోయే వేళ అడిగితే జవాబు చెప్పేవాడికే ఊపిరాడదు. అందుకే నిర్ణయం ముందే మనిషి చెప్పి ఉంచాలి, అమలు కెర్నల్ చేయాలి. తర్వాతి చరిత్ర ఈ దారిలోనే సాగింది. 2020లో 5.7 కెర్నల్‌కు డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ చేసిన మార్పుతో, కొత్త మెమరీ ఏ జోన్‌లో చేరాలో కూడా ముందుగానే చెప్పిపెట్టే వీలొచ్చింది. 2021లో 5.15 కెర్నల్, మూవబుల్, సాధారణ జోన్ల నిష్పత్తి చూసి తానే పంచే పద్ధతినీ చేర్చుకుంది.

కర్నూలు జగన్నాథగట్టు మీది, కడప జిల్లా ఇడుపులపాయలోని విద్యాసంస్థల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థులు ఈ కథను పాఠంగా వినడంతో ఆగకూడదు. క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో ఒక వర్చువల్ మిషన్‌కు మెమరీ జోడించి, స్విచ్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి ఫలితం చూడండి. మంచి వ్యవస్థ మనిషి నిర్ణయాన్ని లాక్కోదు. ఆపద రాకముందే అడిగి పెట్టుకుంటుంది.