పోత గుండు - తొడుగు గుండు

తూటా, గుండు అనే రెండు మాటలను మనం ఈ కాలంలో ఒకదానికి బదులు మరొకటి వాడేస్తున్నాం. తూటా అంటే గుండు, మందు, ఆ మందును రగిల్చే బిళ్ళ, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం కలిసిన మొత్తం. గుండు అంటే తుపాకి నోటినుండి వెడలిపోయే లోహపు ముక్క మాత్రమే. ఈ టపా అంతా గుండును గూర్చినదే కనుక ముందుగా ఈ భేదం చెప్పుకోవలసి వచ్చినది.

అమెరికాలో పెద్ద రివాల్వరు చేతబట్టి జింకను, ఎల్కును, ఎలుగును వేటాడే వారున్నారు. సీసం కరిగించి అచ్చులో పోసిన గుండు మేలా, సీసానికి రాగి తొడుగు తొడిగిన గుండు మేలా అని వారిలో వారికి అరవై యేళ్ళకు పైబడిన వివాదం. వేట నాకు రుచించే విషయం కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి ఆ ముచ్చటకు తెరదించినవి కూడా. అయినా ఈ వివాదం నన్ను పట్టి కూర్చోబెట్టినది. ఎందుకంటే దీని అడుగున ఉన్న ప్రశ్న గుండును గూర్చినది కాదు. తగిలిన మృగం అక్కడికక్కడ పడిపోతుందా, లేక గాయంతో పరుగెత్తి ఏ పొదలోనో మూలుగుతూ చస్తుందా అన్నది.

తొడుగు ఎందుకు పుట్టినదో ముందు చూడాలి. నల్ల తుపాకిమందు ఉన్నంత కాలం మెత్తని సీసానికి ఇబ్బంది లేదు. 1884 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడు పాల్ వియే పొగరాని మందును కనిపెట్టినాడు. దానితో గుండు వేగం ఒక్కసారిగా పెరిగినది. ఆ వేగానికి సీసం గొట్టం లోపలి మరచాళ్ళను పట్టుకోలేక ఒరుసుకుపోయి వాటికే అంటుకొనేది. స్విట్జర్లాండు సైనికాధికారి ఎడువర్డ్ రూబిన్ అప్పటికే సీసానికి రాగి తొడుగు వేసి చూస్తున్నాడు. ప్రపంచంలోని రైఫిళ్ళన్నీ ఆ దారినే పట్టినవి.

అయితే నిండు తొడుగు గుండు ఒంట్లో విచ్చుకోక సన్నని బెజ్జం చేసి అవతలికి పోయేది. 1890లలో వాయవ్య సరిహద్దున పోరాడిన బ్రిటిషు సైన్యం ఇదే ఫిర్యాదు చేసినది. కలకత్తా పక్కనున్న దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బర్టీ-క్లే గుండు కొసన తొడుగు తీసేసి మెత్తని సీసం బయటపెట్టినాడు. 'దమ్‌దమ్ బులెట్' అనే పేరు లోకమంతటా పాకినది. 1899లో హేగ్ సమావేశం ఇటువంటి గుండ్లను యుద్ధంలో నిషేధించినది. యుద్ధంలో మనిషి మీద వాడరాదన్న ఆ గుండే వేటలో దయగలదిగా నిలిచినది. త్వరగా చంపుతుంది గనుక! ఈ వైరుధ్యం తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇదంతా రైఫిలు కథ. రివాల్వరు దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. వేట రైఫిలు గుండు సెకనుకు రెండున్నర మూడు వేల అడుగుల వేగంతో పోతుంది. విచ్చుకోవటానికీ, లోతుకు దిగటానికీ రెండింటికీ దానికి శక్తి ఉన్నది. ఎంతటి రివాల్వరైనా గుండు వేగం సాధారణంగా పన్నెండు పదిహేను వందల అడుగులు. ఉన్న కొద్ది బలాన్ని వెడల్పుకు వెచ్చిస్తే లోతు తగ్గుతుంది, లోతుకు వెచ్చిస్తే వెడల్పు తగ్గుతుంది. వివాదమంతా ఇక్కడే ఉన్నది.

ఇందులో మొదట చెప్పుకోవలసిన పేరు ఎల్మర్ కీత్ (1899-1984). ఐడహో పశువుల కాపరి, వేటగాళ్ళకు దారిచూపేవాడు, వ్రాతకారుడు. నెత్తిన పెద్ద టోపీ, నోట చుట్ట. 1920ల చివర అతడు ఒక గుండుకు రూపకల్పన చేసినాడు. ముక్కు మొండిగా, బల్లపరుపుగా ఉంటుంది. దాని వెనుక వాడియైన అంచుగల భుజం. లైమన్ కంపెనీ అచ్చులలో దాని సంఖ్య 429421. 44 అని పేరేగాని గుండు అడ్డుకొలత నిజానికి 0.429 అంగుళం, అందుకే ఆ అంకెలు. బరువు సుమారు 250 గ్రెయిన్లు, అంటే 16 గ్రాములు. గ్రెయిన్ అంటే యవల గింజ ఎత్తు. మన కంసాలి గురిగింజ ఎత్తులో సగానికి కాస్త ఎక్కువ. పదహారు పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం కలిపి పోత పోసేవాడు కీత్. ఈ గుండు విచ్చుకొంటుందని అతడు ఆశపడలేదు. మొండి ముక్కుతో తన వెడల్పు మేరకు తొలుచుకుంటూ ఎముకను దాటి అవతలికి పోవాలి, రెండు బెజ్జాల నుండీ నెత్తురు పోవాలి - ఇదీ అతని సిద్ధాంతం.

ఏళ్ళ తరబడి అతడు వెంటబడగా స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి 1955 చివర 44 మాగ్నమ్‌ను తెచ్చినవి. (1971లో 'డర్టీ హ్యారీ' సినిమా చూసినవారికి ఆ రివాల్వరును పరిచయం చేయనక్కరలేదు.) కీత్ అడిగినది పన్నెండు వందల అడుగుల వేగం. కంపెనీ అంతకు మించి ఇచ్చినది గాని, 240 గ్రెయిన్ల గుండును మాత్రం మెత్తని సీసంతో చేసినది. గొట్టాలకు సీసం పట్టుకొన్నది. 1935లో 357 మాగ్నమ్ వచ్చినప్పుడు జరిగిన తప్పే మళ్ళీ జరిగినది. సీసపు గుండుకు చెడ్డపేరు రావటానికి, నా దృష్టిలో, పోతకన్నా ఈ మెత్తని కంపెనీ సరుకే ఎక్కువ కారణం.

ఆ సందులో తొడుగు గుండు జొరబడినది. 1960లలో లీ జురాస్ అనే ఇండియానా రాష్ట్రీయుడు సూపర్ వెల్ పేరిట తేలికైన, వేగమైన, బోలు ముక్కుగల తొడుగు గుండ్లను రివాల్వర్లకు తయారుచేసినాడు. గొట్టం శుభ్రంగా ఉండేది, గుండు పువ్వులా విచ్చుకొనేది. చిన్న జింకకు అది దివ్యమైన సాధనం. కాని ఎల్కు భుజపుటెముక మీద అదే గుండు పైపైన విచ్చుకొని ఆగిపోతే ఆ జంతువు గతి ఏమి? వయోమింగులో జాన్ లైన్‌బా వంటివారు 1980లలో 475, 500 అనే భారీ తూటాలను రూపొందించి, గట్టి పోత గుండ్లను మళ్ళీ పీఠమెక్కించినది ఈ భయంతోనే.

'గట్టి' అన్నమాట దగ్గర మనవాళ్ళు ఆగవలసిన ముచ్చట ఒకటున్నది. శుద్ధ సీసం కాఠిన్యం బ్రినెల్ కొలతలో సుమారు 5. దానిని 22 దాకా పెంచే మిశ్రమం పోతవాళ్ళకు సిద్ధంగా దొరికినది అచ్చుకూటాలలో! లైనోటైపు లోహమంటే నూటికి 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొని, 4 తగరం. మన తెలుగు అచ్చక్షరాలను పోసినదీ ఈ మూడు లోహాలతోనే, పాళ్ళు వేరు. అక్షరానికి ఏ గుణం కావాలో గుండుకూ అదే కావాలి - మూస మూలలన్నీ నిండాలి, ఒత్తిడికి చితకరాదు. ఆఫ్‌సెట్ వచ్చి పాత అచ్చుకూటాలు మూతబడుతుంటే అక్కడి అక్షరాలు ఎన్నో ఇలా మూసలోకి వెళ్ళినవి. అక్షరం క్షరం కానిదన్న వ్యుత్పత్తి ఇక్కడ నిలబడలేదు. అయితే ఆంటిమొని మితిమీరితే గుండు పెళుసై ఎముక తగిలి పగులుతుంది. కనుక అనుభవజ్ఞులు దానిలో మళ్ళీ మెత్తని సీసం కలిపి వాడినారు.

2003లో స్మిత్ అండ్ వెసన్ 500 మాగ్నమ్ వచ్చినప్పుడు కోర్‌బాన్ కంపెనీ దానికి ఒకేసారి మూడు రకాల తూటాలు చేసినది: 440 గ్రెయిన్ల గట్టి పోత గుండు, 400 గ్రెయిన్ల తొడుగు గుండు, 275 గ్రెయిన్ల ఘన రాగి గుండు. ఇద్దరి తగవులో ఈ మూడవవాడు తర్వాత బలపడినాడు. కారణం రాబందులు. 1987లో అడవిలో మిగిలిన కాలిఫోర్నియా కాండర్లను కూడా పట్టి బోనుల్లోకి చేర్చేనాటికి లోకంలో ఉన్నవి 27. వేటగాడు వదిలిన పేగులలోని సీసపు తునకలు తిని అవి చస్తున్నవని తేలినది. 2019 జులై 1 నుండి కాలిఫోర్నియాలో వేటకు సీసపు గుండే పనికిరాదన్నారు. తొడుగు ఉన్నా లేకున్నా లోపలిది సీసమే గదా!

రాగి సీసంకన్నా తేలిక. అదే బరువు కావాలంటే గుండు పొడవు పెంచాలి, పెంచితే అది తూటాలో మందు చోటు ఆక్రమిస్తుంది. ఇంట్లో పోత పోసుకొనే ముసలివాళ్ళకు మరొక చిక్కు. అచ్చుకూటాల తర్వాత వారి ఆధారం కారు చక్రాలకు తూకం కోసం బిగించే సీసపు దిమ్మలు. కాలిఫోర్నియా 2010లో వాటినీ ఆపగా జింకువి, ఉక్కువి వచ్చినవి. చూడకుండా ఒక్క జింకు దిమ్మ మూకుడులో పడితే చాలు, కరిగిన సీసమంతా గంజిలా చిక్కబడి అచ్చు నిండదు.