అంకెలలో దాఁగిన అక్షరములు

మేళకర్తల పేరులలో అంకెలు దాఁగి యుండుట మీ రెఱిఁగినదే. ‘మాయామాళవగౌళ’లో మొదటి రెండక్షరములకుఁ గటపయాది లెక్కలో మా 5, యా 1. కుడినుండి యెడమకుఁ జదివినచో 15వ మేళము. ఆ నియమ మెఱుఁగనివాఁడు 51 అని చదివి కామవర్ధనికిఁ బోవును. దోషము రాగమునందు లేదు. ఒడంబడిక తెలియకపోవుటయందుఁ గలదు. కంప్యూటరుల చరిత్రయందును ఇట్టి చిక్కే కలదు.

ఆ యంత్రములు అక్షరముల నెఱుఁగవు, అంకెలనే యెఱుఁగును. ఏ యంకె యే యక్షరమో మనుష్యులే నిర్ణయింపవలెను. అమెరికాలో 1963వ సంవత్సరమున ఆస్కీ యను నొడంబడిక వెలువడినది. మఱుసటి యేఁడు, 1964 ఏప్రిల్ 7వ తేదీన, ఐ.బి.యం. సంస్థ సిస్టం 360 అను మహాయంత్రములను బ్రకటించి, వానికి ఎబ్సిడిక్ అను వేఱొక యొడంబడికను గూర్చెను. ఇంగ్లీషు పెద్దబడి ‘ఏ’ ఆస్కీలో 65, ఎబ్సిడిక్‌లో 193. ఈ రెండవదాని మూలము రంధ్రములు పొడిచిన పంచ్ కార్డులలో నున్నది. కార్డుపైఁ బండ్రెండు అడ్డువరుసలు. పై మూఁడింటిలో నొకటియు, క్రింది తొమ్మిదింటిలో నొకటియుఁ బొడిచిన నొక యక్షర మగును. కావున ఇరువదియాఱక్షరములు తొమ్మిది, తొమ్మిది, ఎనిమిదిగా విడిపోయి నడుమ ఖాళీలు మిగిలినవి. ‘ఐ’ 201 కాఁగా దాని తరువాతి ‘జె’ 209. కార్డులు మూలఁబడినను ఈ ఖాళీలు మాత్రము నిలిచియున్నవి.

1999లో రోజర్ బౌలర్ అను నతఁ డారంభించిన హెర్క్యులీస్ అను సాఫ్ట్‌వేరు చిన్న కంప్యూటరుచేత ఆ మహాయంత్రపు వేషము వేయించును. వేషము చక్కనిదే. చిక్కెల్లఁ గన్సోలు వద్ద, అనఁగా మీటలును దెరయు నున్నచోట. బయటి మీటకు ఆస్కీ యంకె, లోపలి యంత్రమునకు ఎబ్సిడిక్ అంకె. నడుమ దుబాసిగా నొక పట్టిక.

ఎబ్సిడిక్‌కును బాఠాంతరములు పెక్కు. 037, 1047 అను రెంటిని జూడుఁడు. ఇంగ్లీషు అక్షరములలో, అంకెలలో భేదము లేదు. చదరపు కుండలీకరణములు మాత్రము మొదటిదానిలో 186, 187. రెండవదానిలో 173, 189. ‘సి’ యను యంత్రభాషలో నీ గుర్తులు అడుగడుగునఁ గావలెను. 1047లో వ్రాసినదానిని 037 తెరపైఁ జూచినచో, తెఱచు గుర్తునకు మాఱుగా నెత్తిపై గీతగల ‘వై’ యక్షరమును, మూయు గుర్తునకు మాఱుగా జంటచుక్కలును గనఁబడును.

ఇంతవఱకుఁ జూపులోని దోషమే. లోపలి యంకె చెడలేదు. చూచినవాఁడు పాఠము తప్పనుకొని కుండలీకరణమును మరల నొక్కెనా, లోపల 186 పడును. తెరపై నిప్పు డంతయు సరిగనే యుండును. 1047ను నమ్ముకొన్న కంపైలరు మాత్రము దానిని ద్రోసివేయును. తాళపత్రములలోఁ దనకుఁ దెలియని ప్రాచీనరూపమును దిద్దిన లేఖకుఁడు చేసినదియు నిదియే. ఏ పట్టికతో వ్రాసిరో దస్త్రములోని యంకెలు చెప్పవు.

అంతకంటెఁ గీడు మఱొకటి కలదు. 1991లో వెలువడిన యూనికోడ్‌లో మన ‘అ’కు 3077 అను సంఖ్య దొరకినది. 037లోఁ గాని 1047లోఁ గాని తెలుఁగునకుఁ జోటు లేదు. తెలుఁగు దస్త్రము నట్టి పట్టికలోఁ దోసినచో, తనకుఁ దెలియని యక్షరముల కన్నింటికిని ఒకే బదులుగుర్తును బెట్టు దుబాసులు కలవు. క, ట, ప, య నాలుగును 1 అయినచోట రాగము పేరు తెలిసినవాఁడు మరల నక్షరమును బోల్చుకొనఁగలఁడు. ఈ గుర్తుల వరుసనుండి మూలపాఠమును ఎవఁడును రాఁబట్టలేఁడు.